మున్సిపాలిటీ ఇల్లు కట్టకుండానే ఇల్లు చవకయ్యే దారులు

పట్టణాల్లో కిరాయిల భారం గురించి గత నెల ఇదే శీర్షికలో రాసిన తర్వాత నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ మంది అడిగింది ఒకటే: సామాన్యుడు కొనగలిగే ఇల్లు పట్టణంలో లేచేలా చూడటం ఎవరి పని, అందులో స్థానిక పాలన చేయగలిగింది ఎంత? ఆ కోవలోని ఆరు ప్రశ్నలను ఈ నెలకు తీసుకున్నాం. పాఠకుల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: ఇతర దేశాల్లో నగర పాలక సంస్థలే అందుబాటు ధరల ఇళ్లు వచ్చేలా చూస్తాయని చదివాను. మన దగ్గర మున్సిపాలిటీలకు మోరీలు తీయించడానికే డబ్బులు చాలవంటారు. అలాంటి సంస్థలు ఇళ్ల విషయంలో నిజంగా ఏమైనా చేయగలవా?
– ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: చేయగలవు. అయితే చవక ఇల్లు అనగానే ప్రభుత్వం కట్టించి తాళంచెవి చేతికిచ్చే ఇల్లే మనకు గుర్తుకు వస్తుంది. కట్టించడం అనేది నగర పాలన చేయగల పనుల్లో ఒకటి మాత్రమే, పైగా అన్నిటికన్నా ఖరీదైనది. ఇంటి ఖర్చును విడదీసి చూడండి. జాగ ధర, సిమెంటు, సలాక, ఇసుక, ఇటుక, మేస్త్రీ కూలీ, అనుమతి రుసుము, అనుమతి వచ్చేదాకా గడిచిన నెలల వడ్డీ, రిజిస్ట్రేషన్, నల్లా, మోరీ, రోడ్డు. వీటిలో సిమెంటు, సలాకల ధర మున్సిపాలిటీ చేతిలో లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కాని, ఆ నిర్ణయం ఢిల్లీలో జరిగింది. అనుమతి, అందులో జరిగే ఆలస్యం, నీళ్లు, రోడ్డు, కొంతవరకు జాగ ధర మాత్రం స్థానిక పాలన నడకను బట్టే పెరుగుతాయి, తగ్గుతాయి.

మీరు చదివిన దేశాలు ఈ పట్టికలో తలా ఒకచోట చేయి పెట్టాయి. ఆస్ట్రియా రాజధాని వియన్నా 1923లో ఇళ్ల మీదనే ఒక పన్ను వేసింది. చిన్న ఇంటికి నామమాత్రంగా, విలాస భవనానికి భారీగా ఉండేలా దాన్ని రూపొందించి, ఆ రాబడితో 1934 నాటికి 60,000కు పైగా ఇళ్లు కట్టించి కిరాయికి ఇచ్చింది. సింగపూర్‌లో 1960లో ఏర్పడిన గృహ మండలి భూమి విషయంలో గట్టిగా వ్యవహరించింది. ప్రభుత్వం పెద్ద ఎత్తున భూమిని సేకరించి, కట్టిన ఇళ్లను 99 ఏళ్ల లీజు మీద అమ్మింది. ఇవాళ అక్కడి నివాసుల్లో సుమారు 80 శాతం మంది ఆ ఇళ్లలోనే ఉంటున్నారు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రానికి చెందిన మాంట్‌గోమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) పైసా ఖర్చు పెట్టని మార్గం ఎంచుకుంది. 50 ఇళ్లకు మించిన ప్రాజెక్టు కట్టే బిల్డర్ వాటిలో 15 శాతాన్ని మధ్యతరగతికి అందే ధరకు ఇవ్వాలని, అందుకు బదులుగా మామూలు పరిమితి కన్నా ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చని 1974లో చట్టం చేసింది. ఆ చట్టంలోని లోపం కూడా చెప్పాలి. తక్కువ ధర నిబంధనకు తొలి రోజుల్లో పెట్టిన గడువు మరీ చిన్నది కావడంతో, అది తీరగానే వేలాది ఇళ్లు మార్కెట్ ధరకు చేరిపోయాయి.

వీటన్నిటికన్నా మన పట్టణాలకు దగ్గరగా అనిపించేది గుజరాత్ పద్ధతి. అక్కడి 1976 నాటి పట్టణ ప్రణాళిక చట్టం కింద, ఊరి అంచున ఉన్న పొలాలను ఒక పథకంగా కలిపి, రోడ్లకు, పాఠశాలలకు, పార్కులకు కొంత భూమి తీసి, మిగిలినదాన్ని సరైన ఆకారంలో తిరిగి రైతులకే ఇస్తారు. ఆ పథకంలో 10 శాతం వరకు భూమిని బలహీన వర్గాల ఇళ్లకు కేటాయించే వీలు చట్టంలోనే ఉంది. రైతు చేతిలో విస్తీర్ణం తగ్గుతుంది కాని రోడ్డు వచ్చిన భూమి కనుక విలువ పెరుగుతుంది. పేదల ఇళ్లకు జాగ ఊరి నడుమనే దొరుకుతుంది. మున్సిపాలిటీ కొనవలసిన పని ఉండదు. ఊరు ముందు పెరిగి రోడ్డు తర్వాత వెతుక్కునే మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు పద్ధతి కనుక కుదరదని అధికారులు అంటారు. కుదరకపోవడానికి వేరే కారణమేదీ నాకు కనిపించదు.

మనకు ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, ఇరుకు బస్తీలను తొలగించిన చోట్లతోపాటు కొత్త ప్రాంతాల్లోనూ వేర్వేరు తరగతుల వారికి ఇళ్లు కట్టించింది. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భవన నిర్మాణ నియంత్రణను, మురికివాడల అభివృద్ధిని మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేర్చింది. 2005లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం, నిధులు కావాలంటే గృహ ప్రాజెక్టుల్లో అభివృద్ధి చేసిన భూమిలో 20 నుంచి 25 శాతం పేదలకు, అల్పాదాయ వర్గాలకు కేటాయించాలని సంస్కరణల జాబితాలో రాసింది. బాధ్యత కాగితం మీద కిందికి వచ్చింది కాని భూమి, డబ్బు, ఇళ్ల మంజూరు రాష్ట్రం దగ్గరే ఉండిపోయాయి. అందువల్ల మన కౌన్సిలర్లు ఇళ్ల గురించి మాట్లాడితే అది లబ్ధిదారుల జాబితా గురించే అవుతుంది.

ప్రశ్న: నేను మేస్త్రీని. పుణెలో, హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు ఇతరుల ఇళ్లు కట్టి ఇప్పుడు సొంత ఊరు చేరాను. పట్టణంలో నాకు 60 గజాల జాగ ఉంది, రిజిస్టర్డ్ కాగితం ఉంది. అనుమతికి ఎంత అవుతుంది? ఇందిరమ్మ ఇల్లు వస్తే అందులో పడుతుందా?
– మహబూబ్‌నగర్

జవాబు: 2020 నవంబర్‌లో అమలులోకి వచ్చిన టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం ప్రకారం 75 గజాల వరకు ఉన్న జాగలో, 7 మీటర్ల ఎత్తు మించకుండా, కింది అంతస్తు గాని దానిపై మరొక అంతస్తు గాని కట్టుకుంటే అనుమతి తీసుకోవలసిన పని లేదు. ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేసి 1 రూపాయి చెల్లిస్తే చాలు. ఇలాంటి ఇంటికి ఆస్తిపన్ను ఏడాదికి 100 రూపాయలుగా పెట్టారు. అంతకు మించి 500 చదరపు మీటర్ల వరకు జాగ, 10 మీటర్ల వరకు ఎత్తు ఉంటే యజమాని సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. ఆపై వాటికి 21 రోజుల గడువు. మీ ఇల్లు మొదటి తరగతిలోకే వస్తుంది.

రూపాయి అనగానే నిబంధనలు లేవని అనుకోవద్దు. మీరు ఇచ్చిన వివరాలు తప్పని తేలినా, ప్రభుత్వ భూమిలోనో చెరువు శిఖంలోనో కట్టారని తేలినా నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారాన్ని ఈ విధానానికి ఆధారమైన చట్టమే అధికారులకు ఇచ్చింది. ఒకే పెద్ద ప్లాటును ముక్కలు చేసి ఒక్కొక్కటి 75 గజాల లోపు చూపించడం కూడా తప్పే. అందుకని ముందుగా మీ సర్వే నంబరు ఏ తరగతి భూమిలో ఉందో తహశీల్దార్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇక ఇల్లు పడుతుందా అన్నది మీకు నేను చెప్పవలసింది కాదు, అయినా లెక్క వేద్దాం. 60 గజాలంటే 540 చదరపు అడుగులు. మీ జాగ 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు అనుకుందాం. ముందు వైపు రోడ్డుకు ఒకటిన్నర మీటరు, అంటే సుమారు 5 అడుగులు వదిలితే 18కి 25, అంటే 450 చదరపు అడుగులు మిగులుతుంది. ఇందిరమ్మ ఇంటికి కనీసం 400, గరిష్ఠంగా 600 చదరపు అడుగులు ఉండాలన్నది నిబంధన కనుక మీది సరిపోతుంది. సహాయం 5 లక్షలు. బేస్‌మెంట్ పూర్తయ్యాక, గోడలు లేచాక, స్లాబ్ పడ్డాక, ఇల్లు పూర్తయ్యాక నాలుగు విడతల్లో వస్తుంది. ప్రతి విడతలోనూ పని ముందు, డబ్బు తర్వాత. అందుకే చాలా ఇళ్లు బేస్‌మెంట్ దగ్గరే ఆగుతుంటాయి, ఎందుకంటే మొదటి బిల్లు రావడానికి కావలసిన రాయి, సిమెంటు, కూలీ ఇంటివాళ్లే ముందుగా పెట్టుకోవాలి. ఈ చిక్కులో మీకు ఒక అనుకూలత ఉంది. మేస్త్రీ కూలీ మీ ఇంట్లోనే ఉంటుంది. సెంట్రింగ్ చెక్కలు మాత్రం ముందుగానే మాట్లాడి పెట్టుకోండి, ఊళ్లో అందరి స్లాబులూ ఒకేసారి పడే రోజుల్లో అవి దొరకడమే కష్టం.

ప్రశ్న: నేను చిన్న బిల్డర్‌ని. అందుబాటు ధరల ఇళ్లకు కేంద్రం పన్ను రాయితీలు ఇస్తోందని, విదేశాల్లో అదనపు అంతస్తులు ఇస్తారని అంటారు. మా ఊళ్లో ఇరవై లక్షలకు రెండు గదుల ఫ్లాటు కట్టి అమ్మడం నాకెందుకు గిట్టుబాటు కావడం లేదు?
– సూర్యాపేట

జవాబు: రాయితీల లెక్క మహానగరాలను దృష్టిలో పెట్టుకుని వేసింది కావడమే ప్రధాన కారణం. 2019 ఏప్రిల్ 1 నుంచి అందుబాటు ధరల ఇంటికి జీఎస్టీ 1 శాతం, మిగతా ఇళ్లకు 5 శాతం. అందుబాటు ధర అంటే 45 లక్షల లోపు. విస్తీర్ణం మహానగరాల్లో 60 చదరపు మీటర్లు, మిగతా చోట్ల 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల. ముంబయిలో 45 లక్షలకు ఇల్లు దొరకడం కష్టం కనుక అక్కడ ఆ హద్దుకు అర్థం ఉంది. మీ పట్టణంలో ఆ ధర లోపు రాని ఫ్లాట్లు ఎన్ని ఉంటాయి? బాగా స్థితిమంతుడు కొనే మూడు గదుల ఫ్లాటుకు కూడా అదే 1 శాతం వర్తిస్తే, రెండు గదులది కట్టమని మిమ్మల్ని ప్రోత్సహించినట్లు ఎలా అవుతుంది? పైగా ఈ 1 శాతం లెక్కలో మీరు సిమెంటుకు, సలాకకు కట్టిన పన్ను తిరిగి రాదు, అది మీ ఖర్చులోనే కలిసిపోతుంది. లాభంపై ఆదాయపు పన్ను మినహాయింపు 2022 మార్చి 31 వరకు అనుమతి పొందిన ప్రాజెక్టులతోనే ఆగిపోయింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొదటి విడతలో భాగస్వామ్య ప్రాజెక్టుల్లోని ఒక్కో పేదల ఇంటికి కేంద్రం లక్షన్నర ఇచ్చింది కాని, ప్రాజెక్టులో కనీసం 250 ఇళ్లు ఉండాలని షరతు పెట్టింది. పది, పన్నెండు ఫ్లాట్లు కట్టే మీలాంటి వారికి అది అందని ద్రాక్షే.

అదనపు అంతస్తుల సంగతి ఇంకా విచిత్రం. మాంట్‌గోమరీ కౌంటీ బిల్డర్‌కు అదనపు ఇళ్లు ఇవ్వగలిగింది, అక్కడ అంతకు ముందే గట్టి పరిమితి ఉంది కనుక. మన రాష్ట్రంలో 2012 నాటి భవన నిర్మాణ నియమాలు జాగ విస్తీర్ణానికి, కట్టే విస్తీర్ణానికి నిష్పత్తిని పరిమితిగా పెట్టలేదు. ఎదుట ఉన్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఎత్తు, వీటితోనే కొలుస్తారు. అందరికీ ముందే ఇచ్చేసిన దాన్ని మళ్లీ బహుమతిగా చూపలేరు. అదీగాక, అనుమతి ఉన్నంత ఎత్తు కూడా కట్టకుండా రెండంతస్తులతో సరిపెట్టుకునే పట్టణంలో ఇంకో అంతస్తు ఇస్తామంటే ఎవరికీ ఆశ పుట్టదు.

మీ ఊళ్లో పనిచేయగలిగినవి వేరు. జాగ రిజిస్ట్రేషన్‌కు, తర్వాత కొనుగోలుదారుడి రిజిస్ట్రేషన్‌కు విలువపై ఏడున్నర శాతం చొప్పున రెండుసార్లు కట్టవలసి వస్తోంది. 20 లక్షల ఫ్లాటుకు ఆ రెండోది ఒక్కటే లక్షన్నర. ఆ ఏడున్నర శాతంలో ఒకటిన్నర శాతం బదిలీ సుంకం, అది స్థానిక సంస్థలకు చెందాల్సింది. చిన్న ఇళ్లకు ఆ భాగాన్ని వదులుకుంటామని పట్టణాలు రాష్ట్రాన్ని అడగవచ్చు. మహారాష్ట్రలో ఇల్లు మహిళ పేరున కొంటే స్టాంపు సుంకంలో 1 శాతం తగ్గింపు ఉంది. అలాంటిది మన దగ్గర లేదు. ఒక మాట మాత్రం మీకు రుచించకపోవచ్చు: రాయితీ ఇచ్చేటప్పుడు అమ్మే ధరను అగ్రిమెంటులో రాయించుకోకపోతే ఆ రాయితీ అంతా జాగ అమ్మిన యజమాని జేబులోకి చేరుతుంది. బిల్డర్‌కు మిగులుతుందని తెలిసిన మరునాడే జాగ యజమాని గజం ధర పెంచుతాడని మీకు నాకన్నా బాగా తెలుసు.

ప్రశ్న: నాకు డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది. ఊరికి దూరం. నేను, నా భర్త ఇద్దరం ధాన్యం మార్కెట్లో పనిచేస్తాం. ఆరు నెలలు అక్కడ ఉండి, తాళం వేసి మళ్లీ పాత కిరాయి ఇంటికే వచ్చాం. ఇల్లు వచ్చినా ఉండటం లేదని, అమ్ముకోవడానికే తీసుకున్నామని చుట్టాలు అంటున్నారు. మాది తప్పా?
– నల్లగొండ జిల్లా పాఠకురాలు (ఊరి పేరు రాయవద్దని కోరారు)

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన లెక్క కాగితం ఇక్కడ అచ్చు వేయదగినది. ఆటోకు ఒక్కొక్కరికి పోనూ రానూ 60 రూపాయలు, ఇద్దరికి 120. నెలకు 26 రోజుల పనికి 3,120. మీరు వదిలి వచ్చిన ఇంటి కిరాయి 3,000. అంటే ఉచితంగా వచ్చిన ఇల్లు మీకు కిరాయి ఇంటి కన్నా 120 రూపాయలు ఎక్కువ పడింది. ట్యాంకరు నీళ్ల కోసం ఉదయం ఆగితే ఆ రోజు మార్కెట్లో మొదటి లారీ దించే పని పోతుందని కూడా మీరు రాశారు. ఆ కూలీని ఇందులో కలపలేదు. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. కేటాయించిన ఇంటిని అమ్మడం, ఇతరులకు కిరాయికి ఇవ్వడం మాత్రం నిబంధనలకు విరుద్ధం, మీరు ఆ రెండూ చేయలేదు కనుక చుట్టాల మాటను పట్టించుకోనవసరం లేదు. అయితే ఇల్లు ఎక్కువ కాలం తాళంతో ఉంటే తనిఖీలో రద్దుకు నోటీసు వచ్చే ప్రమాదం ఉంటుంది. కనుక మీ ఇబ్బందులను ఇప్పుడే రాతపూర్వకంగా కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఇచ్చి రశీదు దగ్గర పెట్టుకోండి.

ఈ ఉత్తరం మీ ఒక్కరి సంగతి చెప్పడం లేదు. 2015లో మొదలైన ఈ పథకం 560 చదరపు అడుగుల ఇంటికి పట్టణాల్లో 5 లక్షల 30 వేలు నిర్ణయించింది. ఇల్లు చిన్నదని ఎవరూ అనలేరు, పేదలకు అంత ఇల్లు అంతకు ముందు ఏ ప్రభుత్వమూ తలపెట్టలేదు. హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. కాని దాదాపు ప్రతిచోటా జాగ ఎక్కడ ఖాళీగా ఉందో అక్కడే ఇళ్లు లేచాయి. పట్టణం లోపల ప్రభుత్వ భూమి మిగలకపోవడంతో గుట్ట పక్కన, శ్మశానం అవతల, బైపాస్ దాటాక కట్టారు. ఇంటి లెక్క ఇంజినీర్ వేశాడు. ఆటో లెక్క ఎవరూ వేయలేదు. అక్కడికి సిటీ బస్సో మినీ బస్సో నడపడం, నల్లా కనెక్షను పూర్తయ్యాకే తాళాలు ఇవ్వడం, పిల్లలకు బడి, రేషన్ దుకాణం చూడటం అన్నీ స్థానికంగా చేయవలసిన పనులే. వీటికయ్యే ఖర్చు, ఇల్లు కట్టిన ఖర్చు ముందు చాలా చిన్నది. అది చిన్నది కనుకనే ఎవరి బడ్జెట్‌లోనూ చేరలేదేమోనని నా అనుమానం.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర నెలకు కొంత చొప్పున కడుతూ 100 గజాల ప్లాటు తీసుకున్నాను. అది అనుమతి లేని లేఅవుట్ అని ఇప్పుడు తెలిసింది. క్రమబద్ధీకరణ చేయించుకుంటే ఇబ్బంది ఉండదా? ఇలాంటి లేఅవుట్లను అసలు రానివ్వడమెందుకు?
– మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ రెండో ప్రశ్న మొదటిదాని కన్నా పెద్దది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పదో వంతు భూమి ఖాళీ స్థలంగా వదలాలి, రోడ్లు, మోరీలు, కరెంటు స్తంభాలు వేయాలి. అవన్నీ పూర్తి చేస్తామన్న హామీగా 15 శాతం ప్లాట్లను తాకట్టు పెట్టాలి. ఈ ఖర్చంతా గజం ధరలో చేరుతుంది. పక్కనే పొలంలో సున్నంతో గీతలు గీసి రాళ్లు పాతినవాడికి ఆ ఖర్చేమీ లేదు కనుక చవకగా ఇస్తాడు, నెలవారీ కిస్తులు కూడా ఒప్పుకుంటాడు. నిజం చెప్పాలంటే మన పట్టణాల్లో ఇన్నాళ్లూ అందుబాటు ధరల ఇళ్ల పథకంగా పనిచేసింది ఈ అనుమతి లేని లేఅవుటే. అనుమతి ఉన్న లేఅవుట్లలో 150, 200 గజాల ప్లాట్లే ఎక్కువగా కనబడితే, 60, 80 గజాలకు మించి కొనలేని మనిషి ఎటు వెళ్తాడు? ప్రతి లేఅవుట్‌లోనూ కొన్ని చిన్న ప్లాట్లు ఉండాలని అనుమతి ఇచ్చేటప్పుడే షరతు పెట్టడం పట్టణ ప్రణాళిక విభాగానికి ఖర్చు లేని పని.

మీ సంగతికి వస్తే, 2020 నాటి క్రమబద్ధీకరణ పథకం ఆ ఏడాది ఆగస్టు 26కు ముందు రిజిస్టర్ అయిన ప్లాట్ల కోసం తెచ్చింది, దరఖాస్తులు కూడా ఆ ఏడాదే తీసుకున్నారు. వ్యక్తిగత ప్లాటుకు దరఖాస్తు రుసుము అప్పుడు 1,000 రూపాయలు. ఆ తర్వాత క్రమబద్ధీకరణ రుసుముతో పాటు, లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలలేదు కనుక ప్లాటు విలువపై 14 శాతం కట్టాలి. విలువ 5 లక్షలైతే ఇదొక్కటే 70,000. అంటే అమ్మినవాడు అప్పుడు తప్పించుకున్న ఖర్చే ఇప్పుడు కొన్నవారి దగ్గర వసూలవుతోంది. మీ కిస్తులు ఇంకా పూర్తి కాలేదు, రిజిస్ట్రేషన్ కాలేదు అంటే ఆ పథకం కిందికి మీరు వస్తారన్న భరోసా లేదు. అలాంటప్పుడు మిగిలిన కిస్తులు కట్టేముందు ఒక న్యాయవాదికి అగ్రిమెంటు చూపించండి. ఇంకొక సంగతి, క్రమబద్ధీకరణ భూమిపై హక్కును సృష్టించదు. చెరువు శిఖంలో, ప్రభుత్వ భూమిలో ఉన్న ప్లాటుకు అది దొరకదు.

ప్రశ్న: అందరూ సొంత ఇంటి గురించే మాట్లాడుతున్నారు. నాలుగేళ్లకోసారి బదిలీ అయ్యే మాలాంటి చిన్న ఉద్యోగులకు, చదువుకునే పిల్లలకు మంచి కిరాయి ఇల్లు దొరకడానికి మున్సిపాలిటీలు చేసేదేమీ లేదా? మరోవైపు మా కాలనీలో సగం ప్లాట్లు ఖాళీగా పడి ఉన్నాయి.
– వనపర్తి

జవాబు: మీ రెండు ఫిర్యాదులూ ఒకటే. దేశంలో పట్టణాల ఇళ్ల కొరతను 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం సుమారు 1 కోటి 88 లక్షలుగా లెక్కగట్టింది. అందులో 95 శాతానికి పైగా పేద, అల్పాదాయ కుటుంబాలవే. అంతకు ముందు ఏడాది జనాభా లెక్కల్లో పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 1 కోటి 11 లక్షలని తేలింది. కొరతలో పెద్ద భాగం తల మీద కప్పు లేనివారు కాదు, ఒకే గదిలో ఇరుక్కుని ఉంటున్న కుటుంబాలు. ఇళ్లు ఒకచోట, మనుషులు మరొకచోట ఉన్నారన్నమాట. యజమాని ఇంటిని కిరాయికి ఇవ్వడానికి భయపడటం దీనికి ఒక కారణం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల కిరాయికి పరిమితం చేస్తూ, యజమానికీ కిరాయిదారుకీ రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. రాష్ట్రాలు తమ చట్టంగా తీసుకుంటేనే అది అమలవుతుంది. లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి ఇళ్లకు వెళ్లడం చూశాక, 2020 జూలైలో కేంద్రం కిరాయి గృహ సముదాయాల పథకం తెచ్చింది. ఆ కూలీల్లో పాలమూరు వాళ్లూ ఉన్నారు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన ఆవాస్ యోజన రెండో విడతలో కిరాయి ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. బస్టాండ్ పక్కన మున్సిపాలిటీలు కట్టే దుకాణ సముదాయాలపై రెండంతస్తుల గదులు కట్టి ఉద్యోగులకు, విద్యార్థులకు కిరాయికి ఇవ్వడం ఆ పథకంలో చేరదగిన ఆలోచనే. దుకాణాల కిరాయి వసూలు చేసే గుమాస్తా ఉన్నప్పుడు గదుల కిరాయికి కొత్త యంత్రాంగమూ అక్కరలేదు.

ఇక ఖాళీ ప్లాట్లు. వాటిపై ఖాళీ స్థలాల పన్ను చట్టంలో ఉంది, రేటు మాత్రం నామమాత్రం. ఏటా గజం ధర పెరుగుతున్న కాలనీలో ఆ పన్ను యజమానికి లెక్కే కాదు. నీళ్లు, రోడ్డు, కరెంటు ఉండి కూడా పదేళ్లుగా సర్కారు తుమ్మ పెంచుతున్న ప్లాటుకు రేటు ఏటేటా పెరిగేలా పెట్టి, 60, 80 గజాల జాగలో ఇల్లు కట్టుకుంటున్న వారికి నల్లా, మోరీ కనెక్షన్ల రుసుము ఆ రాబడి నుంచి మాఫీ చేయాలని మీ కాలనీ సంఘం మున్సిపాలిటీకి ఒక వినతిపత్రం ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు మీ వీధిలో ఖాళీగా ఉన్న ప్లాట్ల నంబర్లను కూడా జతచేయండి. నంబర్లు లేని వినతిపత్రం ఫైల్లోనే ఉండిపోతుంది.